ఎముక అతికింది సరే, నడక ఎవరు నేర్పాలి?

సంపాదకులకు,

గత వేసవిలో మా అమ్మ స్నానాలగదిలో తడిసిన బేతంచెర్ల బండల మీద కాలుజారి పడింది. వయసు 72, తుంటి ఎముక విరిగింది. కర్నూలులోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చక్కగా జరిగింది, ఖర్చు రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద సరిపోయింది. ఆరో రోజున డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టి ‘మెల్లగా నడిపించండి’ అన్నారు. ఎలా నడిపించాలో, ఆపరేషనైన కాలి మీద ఎంత బరువు మోపవచ్చో అడిగేలోపే పక్క మంచం వారిని పిలిచారు.

తప్పు మాలోనూ ఉంది. మంచం దిగనివ్వకుండా, అన్నం కలిపి నోట్లో పెట్టి, అదే సేవ అనుకున్నాం. వయసు మీరినవారికి పది రోజుల పడకతోనే తొడ కండరాలు చిక్కిపోతాయనీ, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడానికీ, పిక్కల్లో రక్తం గడ్డకట్టడానికీ కదలకపోవడమే దారి తీస్తుందనీ మాకు తెలియదు. మూడో వారంలో నడుము కింద చర్మం ఎర్రబడి పుండు కావడం చూశాకే భయం పట్టుకుంది.

చివరకు హైదరాబాదులోని ఒక రిహాబ్ కేంద్రంలో, అంటే ఆపరేషన్ తర్వాత కోలుకునేందుకు శిక్షణ ఇచ్చే చోట, నాలుగు వారాలు ఉంచాం. అక్కడ నర్సులు పుండు సంగతి చూసుకుంటే, ఫిజియోథెరపిస్టు రెండు పూటలా వచ్చి సాధన చేయించేవారు. మొదట నేర్పింది నడక కాదు, కుర్చీలోంచి లేవడం. అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగి, వాకరును పట్టుకు లాగకుండా కుర్చీ చేతుల మీద బలం మోపి లేవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. మూడో వారంలో అమ్మ వాకరుతో ఒంటరిగా మరుగుదొడ్డికి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. గడియ పెట్టకూడదని నర్సు మందలించినా, ఆ చప్పుడు విని మేం బయట నిలబడి నవ్వుకున్నాం. ఈలోగా ‘తల్లిని వృద్ధాశ్రమంలో వేశారట’ అని వీధిలో చెప్పుకున్నారు. ఆశ్రమానికి వెళ్లేది అక్కడ ఉండిపోవడానికి, ఇలాంటి కేంద్రానికి వెళ్లేది తిరిగి ఇంటికి రావడానికి అన్న తేడా చదువుకున్నవారికీ తెలియకపోవడం విచారకరం.

ఆ నాలుగు వారాలకు 70,000 రూపాయలు దాటింది, పథకం నుంచి ఒక్క రూపాయి రాలేదు. 2019 డిసెంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం ఆరోగ్య ఆసరా కింద కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవారు. అది పోయిన కూలికి బదులు ఇచ్చిన డబ్బే గాని నడక నేర్పే ఏర్పాటు కాదు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి నిపుణ నర్సింగ్ కేంద్రంలో గరిష్ఠంగా 100 రోజుల వరకు ఆసరా ఇస్తుంది, మొదటి 20 రోజులకు రోగి వాటా ఉండదు. అంత మనకు సాధ్యమని నేననడం లేదు. కానీ 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం, జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలని నిర్దేశించింది. ఆ వార్డులనే తుంటి విరిగినవారికీ, పక్షవాతం వచ్చినవారికీ రెండు మూడు వారాల శిక్షణకు వాడుకుని, ఆ రోజులను ఆపరేషన్ ప్యాకేజీలో భాగంగా లెక్కించాలని కోరుతున్నాను. ఆదోని వైపు నుంచి వచ్చే కూలి కుటుంబాలు హైదరాబాదు దాకా ఎలా వెళ్లగలవు?

అంతవరకు కనీసం ఒక పని చేయవచ్చు. డిశ్చార్జికి ముందురోజు, ఇంటివారిలో ఒకరిని మంచం పక్కన నిలబెట్టి, రోగిని ఎలా లేపాలో, ఎలా కూర్చోబెట్టాలో వారి చేతే చేయించి చూపాలి. దానికి అరగంట చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కర్నూలు