గర్భసంచి తీసే ముందు జరగాల్సినవి జరుగుతున్నాయా?

సంపాదకులకు,

గర్భసంచి ఆపరేషన్లు పెరిగిపోతున్నాయని వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒక వాక్యం తప్పక ఉంటుంది: మహిళల్లో అవగాహన పెరగాలి. ఆ వాక్యంతోనే మాకు పేచీ. నెలకు పది రోజులు రక్తం పోతూ, కూలికి వెళ్లలేక, నాలుగు ఆస్పత్రులు తిరిగి వచ్చిన మనిషికి అవగాహన లేదనడం తేలిక. ఆమెకు ఆపరేషన్ తప్ప ఇంకో దారి లేకుండా చేసిందెవరని మాత్రం ఎవరూ అడగరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూడండి. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైనే. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. తీయించుకున్నవాళ్లలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు, మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. ఈ రెండు లెక్కలనూ విడదీసి చూడకూడదన్నది మా అభిప్రాయం. చాలామందికి పాతికేళ్లు నిండకముందే ట్యూబెక్టమీ అయిపోతుంది. ఆ రోజుతో ఆమె గర్భసంచి గురించి ఆరోగ్య శాఖకు పట్టింపు తీరిపోతుంది. తర్వాత ఇరవై ఏళ్లు వచ్చే తెల్లబట్టా, నొప్పీ, అధిక రక్తస్రావం ఏ పథకంలోకీ రావు. ఇంట్లోనేమో ‘పిల్లలయ్యారుగా, ఇంకెందుకది’ అంటారు. డాక్టరూ అదే మాట అంటే ఇక అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

ఎక్కువమంది ఈ దారిలోకి వచ్చేది తెల్లబట్టతోనే. నెల మధ్యలో పలచగా, వాసన లేకుండా అయ్యే తెల్లబట్ట జబ్బే కాదు. దురదతో పెరుగు విరిగినట్టు ఉంటే బూజు జాతి ఇన్ఫెక్షన్, చేపల వాసన వస్తే బ్యాక్టీరియా వల్ల వచ్చేది. దీనికి ప్రభుత్వమే రంగుల కిట్లు ఇస్తుంది. ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి, యోని ఇన్ఫెక్షన్‌కు ఒక్క మోతాదు. సంచి మూతి దగ్గర ఇన్ఫెక్షన్ ఉంటే బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. పొత్తికడుపు నొప్పి, జ్వరం కూడా ఉంటే పసుపు కిట్: సెఫిక్సిమ్ ఒక మోతాదు, ఆపై 14 రోజులపాటు రోజుకు రెండుసార్లు డాక్సీసైక్లిన్ 100, మెట్రోనిడజోల్ 400. ఈ పద్నాలుగు రోజుల కోర్సును అయిదో రోజున ఆపేసేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే మెట్రోనిడజోల్‌కు వాంతి వచ్చినట్టుంటుంది. అన్నం తిన్నాక వేసుకోమని చెప్పే ఓపిక ఓపీలో ఎవరికీ ఉండదు.

ఏ కిట్ ఇవ్వాలో తేల్చాలంటే స్పెక్యులమ్ (యోనిని తెరిచి లోపలికి చూసే పరికరం) పెట్టి సంచి మూతిని చూడాలి. దానికి కావలసింది ఒక బల్ల, ఒక లైటు, ఒక పరదా. ఇవి లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లక్షణాలు విని అంచనా మీద మందు రాసేస్తారు. దానికంటే పెద్ద లోపం భర్తకు మందు ఇవ్వకపోవడం. సంచి మూతి ఇన్ఫెక్షన్‌లోనూ, ట్రైకోమొనాస్ (కలయిక వల్ల అంటుకునే ఒక సూక్ష్మజీవి) ఉన్నప్పుడూ ఇద్దరూ ఒకేసారి వాడాలి. ఆయన రాడు, ‘నాకేం జబ్బు లేదు’ అంటాడు. ఆమెకు తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ అంటుకుంటుంది. మూడోసారికి ఆమె కేసు షీటు మీద ‘మందులకు లొంగలేదు’ అని రాస్తారు. భర్త మింగని రెండు మాత్రల వల్ల భార్య కడుపు కోయించుకునే పరిస్థితి ఇలా వస్తుంది.

రెండో మజిలీ స్కానింగ్ సెంటర్. రిపోర్టులోని కొన్ని మాటలు ఆడవాళ్లను వణికిస్తాయి. ‘బల్కీ యుటెరస్’ అంటే సంచి వాచిందని చెప్తారు. పిల్లలు పుట్టని సంచి పొడవు 7–8 సెంటీమీటర్లుంటుంది, ఇద్దరు ముగ్గురిని కన్న సంచి 9–10 సెంటీమీటర్లు ఉండటం మామూలే. ‘నెబోతియన్ సిస్ట్’ అంటే సంచి మూతి మీది జిగురు గ్రంథి మూసుకుపోయి ఏర్పడ్డ చిన్న బుడగ, వైద్యమే అక్కర్లేదు. ‘సంచికి పుండు’ అని చెప్పేది చాలాసార్లు లోపలి ఎర్రటి పొర కాస్త బయటికి కనిపించడమే. అండాశయంలో అయిదు సెంటీమీటర్లలోపు సాదా నీటి బుడగ సాధారణంగా రెండు మూడు నెలసరుల్లో దానంతటదే పోతుంది, 6 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేసి చూస్తే చాలు. సంచి లోపలి పొర మందం నెలసరి అయిన వెంటనే నాలుగు మిల్లీమీటర్లుంటుంది, మళ్లీ బహిష్టు వచ్చే ముందు అదే పొర పద్నాలుగు దాకా పెరుగుతుంది. కాబట్టి ఏ రోజున స్కాన్ చేశారో రాయని రిపోర్టులో ‘పొర మందంగా ఉంది’ అన్న మాటకు విలువ లేదు. వీటిలో ఏదీ క్యాన్సర్ కాదు. ‘ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న మాటకు మాత్రం ఎంత ధైర్యవంతురాలైనా లొంగిపోతుంది.

సంచి మూతి క్యాన్సర్ భయం నిజమైనదే అయితే దానికి పరీక్షలున్నాయి. 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి చూడటం, పాప్ స్మియర్ (సంచి మూతి కణాలను తీసి చూడటం), హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష. క్యాన్సర్‌కు ముందు దశ మార్పు కనిపిస్తే చాలా కేసుల్లో ఆ చోటును మాత్రమే వేడితోనో, గడ్డకట్టించే చల్లదనంతోనో మాడ్చేస్తే సరిపోతుంది. వీటిలో ఒక్కటీ చేయకుండా క్యాన్సర్ పేరెత్తే డాక్టరును ‘ఏ పరీక్షలో తేలింది?’ అని అడగాలి.

ఇక అధిక రక్తస్రావం. ముందు హిమోగ్లోబిన్, గర్భం లేదని నిర్ధారణ, థైరాయిడ్, స్కాన్. 45 దాటినవాళ్లకు, అంతకంటే చిన్నవాళ్లయినా బాగా లావున్నా, రక్తస్రావం మందులకు ఆగకపోయినా, లోపలి పొర నుంచి సన్నటి గొట్టంతో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. మత్తు ఇవ్వకుండానే ఓపీలో అయిదు నిమిషాల్లో అయ్యే పని. బహిష్టు ఆగిపోయి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క చుక్కయినా వెంటనే చూపించుకోవాలి.

మందులు కొత్తవేమీ కావు. ట్రానెక్సామిక్ ఆమ్లం 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు, రక్తస్రావం మొదలైనప్పటి నుంచి నాలుగైదు రోజులు మాత్రమే. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. చాలామందికి ఒక పూట ఒక మాత్ర చొప్పున రాసి ‘పనిచేయలేదు’ అని తీర్మానిస్తారు, పనిచేయనిది మందు కాదు, మోతాదు. నొప్పి ఉంటే మెఫెనమిక్ ఆమ్లం తోడు. తర్వాతిది హార్మోన్ లూప్. 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న ఈ పరికరాన్ని సంచిలో అమరిస్తే ఏళ్లపాటు పనిచేస్తుంది, రక్తస్రావాన్ని చాలామందిలో తొంభై శాతం దాకా తగ్గిస్తుంది. అయితే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆమె రెండో నెలలోనే తీయించేసుకుంటుంది. పైగా కాపర్‌-టీ వల్ల బ్లీడింగ్ పెరుగుతుందన్నది నిజం కావడంతో, లూప్ అనగానే రెండింటినీ ఒకే గాటన కడతారు. ఈ రాష్ట్రాల్లో ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. ఇనుము మాత్రలు ఇవ్వకుండా కేవలం బ్లీడింగ్ ఆపితే నీరసం పోదు. నీరసం పోకపోతే మళ్లీ నింద సంచి మీదికే వస్తుంది.

ఆపరేషన్‌కే మేము వ్యతిరేకం కాదు. క్యాన్సర్‌కు, మందులకు లొంగని పెద్ద గడ్డలకు, బాగా జారిపోయిన సంచికి, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావానికి అది ప్రాణం కాపాడుతుంది. మా అభ్యంతరం వరుస తప్పడం మీద. దానికి డబ్బు కారణం ఉంది. ఆరోగ్య బీమా పథకాలు ప్రధానంగా మంచం మీద పడుకోబెట్టి చేసే వైద్యానికే డబ్బిస్తాయి. ఆరు నెలల ఓపీ మందులకూ, హార్మోన్ లూప్‌కూ ఖర్చు ఆమెదే, సంచి తీయడం మాత్రం ఉచితం. ఏది ఎంచుకుంటుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

సంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారా లేదా అన్నది చాలామందికి తెలియనే తెలియదు. 45 లోపు అవి పోతే ఆ వారంలోనే ముట్లుడిగిన లక్షణాలు మొదలవుతాయి: ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఆపై ఎముకల అరుగుదల, గుండెజబ్బు ముప్పు. అటువంటివాళ్లకు సహజంగా ముట్లుడిగే వయసు, అంటే యాభై దాకా, ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్య శాస్త్రం చెబుతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడగడం ముందే వస్తుంది. మూత్రకోశానికో, మూత్రనాళానికో దెబ్బ తగలడం మరో ప్రమాదం. ఆపరేషన్ తర్వాత నిరంతరం మూత్రం కారుతుంటే బలహీనత అనుకుని ఊరుకోకూడదు. ఆరు వారాలు బరువులెత్తొద్దని డిశ్చార్జి కాగితం మీద రాస్తారు. మిరప తోటలో, బీడీ గంప ముందు ఆ కాగితం చదివేదెవరు?

హక్కు సంగతి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలోనే తేల్చింది: పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారంతో సంచి, అండాశయాలు తీయడం చెల్లదు, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఇచ్చిన అనుమతీ చాలదు, ఆ స్త్రీ స్వయంగా ఒప్పుకోవాలి. భర్త సంతకం ఉంది కదా అని ఆమె ఒప్పుకోకుండా చేసేయడానికి ఆధారం లేదు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, అందులో అండాశయాల గురించి విడిగా ఒక గడి ఉండాలి. అడిగిన 72 గంటల్లో కేసు కాగితాలు ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది.

2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అనవసర ఆపరేషన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగం. కమిటీ ముందు ఏం పెట్టాలన్నదే అసలు విషయం. మొత్తం ఆపరేషన్ల సంఖ్య పెడితే ఏమీ తేలదు. తీసిన ప్రతి సంచినీ పాథాలజీ పరీక్షకు, అంటే అందులో జబ్బు ఉందో లేదో ల్యాబులో తేల్చడానికి, పంపాలి. నలభై లోపు వయసువాళ్లకు మరో ఆస్పత్రి వైద్యురాలి రాతపూర్వక అభిప్రాయం జతచేయాలి. అంతకుముందు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని నెలలు వాడారో ఒక పేజీ ఉండాలి. పాథాలజీలో ఏ జబ్బూ లేదని తేలిన సంచులు ఒక ఆస్పత్రిలో నూటికి ఎన్ని వచ్చాయో లెక్కకడితే, ఎక్కడ తనిఖీకి వెళ్లాలో కమిటీకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అంకెను ఆస్పత్రుల వారీగా మూడు నెలలకోసారి జిల్లా వైద్యాధికారి పత్రికలకు విడుదల చేయాలి. మీ జిల్లా పేజీలో దానికి నాలుగు అంగుళాల చోటు చాలు.

ఇట్లు,
గ్రామీణ ఆస్పత్రుల్లో పనిచేసే స్త్రీ వైద్యులు, స్టాఫ్ నర్సులు
కరీంనగర్