తక్‌పట్టీ సాఫ్ట్‌వేర్‌లో జేసన్ తప్పులపై ఫిర్యాదు

వరంగల్

సాఫ్ట్‌వేర్ సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీ) వెబ్ సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ నుంచి వచ్చిన వరుసలు జేసన్‌గా (సర్వర్ నుంచి బ్రౌజర్‌కు డేటా పంపే రాత రూపం) మారే దగ్గర లోపాలు, వాటిని సరిచేయడం గురించి.

అయ్యా,

ఎనుమాముల మార్కెట్‌లో మా మిర్చి అడ్తి దుకాణం లెక్కల కోసం మీరు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో రైతుల జాబితా ఖాళీగా వస్తున్నదని, తూకం మొత్తాలు తప్పుతున్నాయని ఇంతకుముందే మూడుసార్లు రాసినం. మొదటిసారి ‘ఫాంటు సమస్య’ అన్నారు, రెండోసారి ‘నెట్ సమస్య’ అన్నారు. మూడోసారి పంపిన ప్యాచ్ కొత్త తప్పులను తెచ్చింది. అందుకే ఈసారి ఏమవుతున్నదో మాత్రమే కాదు, ఎందుకవుతున్నదో కూడా రాస్తున్నం. సర్వర్ మా దగ్గరే ఉన్నది, పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే కోడ్) ఫైళ్లు చదివి, ఒక్కో వరుసను విడిగా నడిపి చూసిన తర్వాతే ఇది రాస్తున్నం.

ముందు ఖాళీ జాబితా సంగతి. రైతుల పేజీలో వరంగల్, ములుగు, పరకాల, జనగామ అని ఊరు ఎంచుకుంటే పేర్లు వస్తాయి. హనుమకొండ, నర్సంపేట, వర్ధన్నపేట, మహబూబాబాద్ ఎంచుకుంటే ‘రికార్డులు లేవు’ అని వస్తుంది. ‘అన్ని ఊళ్లు’ అంటే మొత్తం జాబితానే మాయం. ఫాంటు లేకపోతే అక్షరాల చోట డబ్బాలు కనిపించాలి తప్ప ఉన్న రైతులు లేకుండా పోరు. కారణం మీ కోడ్‌లోనే ఉన్నది. జాబితాలో ఊరు పేరు పొడుగు కాకుండా సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో 20 దగ్గర కోస్తున్నారు. ఆ ఫంక్షన్ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. యూటీఎఫ్-8 అనే రాత పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తైనా, పొల్లైనా, సున్నా అయినా ఒక్కోటి 3 బైట్లు. ‘వరంగల్’లో అలాంటివి 6, అంటే 18 బైట్లు, కత్తెర దాకా పోదు. ‘ములుగు’ కూడా 18. ‘పరకాల’, ‘జనగామ’ 15 చొప్పున. ‘హనుమకొండ’ 24 బైట్లు. అది 20 దగ్గర తెగితే ‘హనుమకొ’ వరకు 18 పోను, తర్వాతి సున్నా 3 బైట్లలో 2 మాత్రమే మిగులుతాయి. ఆ విరిగిన ముక్క ఏ అక్షరమూ కాదు. 6 గుర్తులు దాటిన ప్రతి తెలుగు పేరుకూ 20 దగ్గర ఇదే గతి, ఎందుకంటే 20ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది.

విరిగిన ముక్క కనబడగానే జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ ఆ ఒక్క పేరును వదిలేసి ముందుకు పోదు. మొత్తం పనిని ఆపి ఫాల్స్ అని తిరిగి ఇస్తుంది. ఆ విలువను మీ కోడ్ చూడకుండానే ఎకో చేస్తున్నది, అంటే జవాబుగా రాసి పంపుతున్నది. ఫాల్స్‌ను ఎకో చేస్తే బయటికి ఏమీ రాదు, పైగా సర్వర్ మాత్రం 200 (అంతా సరే) అనే జవాబే ఇస్తుంది. బ్రౌజర్ ఖాళీ జవాబును చదవలేక ఎర్రర్ ఇస్తే, మీ జావాస్క్రిప్ట్ ఆ ఎర్రర్‌ను క్యాచ్‌లో పట్టుకుని ‘రికార్డులు లేవు’ అని రాస్తున్నది. లోపం జరిగిందని చెప్పాల్సిన మూడు చోట్లా మీ ప్రోగ్రాం నోరు మూసుకున్నది. మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఉన్న రైతును లేడని చెప్పే తెరను నమ్మి గుమస్తా అదే రైతును రెండోసారి నమోదు చేస్తాడు, అప్పుడు ఒకే మనిషికి రెండు ఖాతాలు తయారవుతాయి.

దీన్ని ఇట్లా సరిచేయండి. ఎన్‌కోడ్ చేసేటప్పుడు ‘జేసన్ త్రో ఆన్ ఎర్రర్’ గుర్తు (ఫ్లాగ్) పెట్టండి, అది పీహెచ్‌పీ 7.3 నుంచి ఉన్నది. తప్పు జరిగితే 500 (సర్వర్ లోపం) జవాబు పంపండి, కారణం లాగ్‌లో రాయండి, తెర మీద ‘జాబితా తేవడంలో లోపం’ అని చూపండి. చెడిన బైట్లను వదిలేసే గుర్తును, వాటి చోట ప్రశ్నార్థక చిహ్నం పెట్టే గుర్తును వాడి చేతులు దులుపుకోవద్దు. దాంతో జాబితా కనబడుతుంది గానీ పేర్లు చెడిపోయే ఉంటాయి, ఈసారి ఎవరికీ తెలియకుండా. కోయడానికి బైట్లకు బదులు గుర్తులను లెక్కపెట్టే ఎంబీ సబ్‌స్ట్ర్ వాడితే బైట్లు విరగవు, నిజమే. కానీ ‘వర్ధన్నపేట’ను 6 దగ్గర కోస్తే ‘వర్ధన్’ మిగులుతుంది, అది ఊరి పేరు కాదు, మనిషి పేరు. అసలు కోత సర్వర్‌లో ఎందుకు? పూర్తి పేరు పంపండి, చోటు చాలకపోతే సీఎస్‌ఎస్‌లో చివర చుక్కలు పెట్టుకోవచ్చు.

మీ దగ్గర పరీక్షలో ఇది దొరకకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే, 20 దగ్గర ఎట్లా కోసినా విరగదు. తెలుగు పేర్లతో అమ్మే సాఫ్ట్‌వేర్‌ను ఇంగ్లీషు పేర్లతో పరీక్షించారు.

ఇక తూకం. బస్తాల మొత్తం సరిగ్గా ఉండి, క్వింటాళ్ల మొత్తం తప్పడం మొదలైంది సర్వర్‌లో పీహెచ్‌పీని 8.1కు మార్చిన తర్వాత. అంతకుముందు డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చే పీడీఓ అన్ని అంకెలనూ మాటలుగా, అంటే స్ట్రింగులుగా ఇచ్చేది, అప్పుడు రెండు మొత్తాలూ తప్పేవి. 8.1 నుంచి పూర్ణసంఖ్యలు అంకెలుగానే వస్తాయి, డెసిమల్ కాలమ్ మాత్రం ఇప్పటికీ స్ట్రింగే. బస్తాలు పూర్ణసంఖ్యలు, తూకం డెసిమల్. మీ జావాస్క్రిప్ట్ రెండింటినీ ప్లస్ గుర్తుతో కలుపుతున్నది. ఒక లాట్‌కు 12.450, 8.300 అని రెండు కాంటాలు (తూకాలు) పడితే మొత్తం 20.750 రావాలి. సున్నాకు మొదటిది కలపగానే అతుక్కుని ‘012.450’ అవుతుంది, రెండోది కలిపితే ‘012.4508.300’ అవుతుంది. దాన్ని పార్స్‌ఫ్లోట్ రెండో చుక్క దగ్గర ఆపి 12.4508 అని చదువుతుంది, తెర మీద 12.451 పడుతుంది. ఒక్క లాట్‌లోనే 8 క్వింటాళ్లకు పైగా మాయం, అదీ చూడడానికి నిజమైన తూకంలాగే కనబడుతూ.

దీనికి మీరు పంపిన ప్యాచ్‌లో ‘జేసన్ న్యూమరిక్ చెక్’ గుర్తు పెట్టారు. తూకాలు సరయ్యాయి, ఒప్పుకుంటున్నం. కానీ ఆ గుర్తు తూకాన్ని ఒక్కదాన్నే చూడదు, అంకెలాగా కనబడే ప్రతి స్ట్రింగ్‌నూ అంకెగా మారుస్తుంది. ‘00417’ అనే లాట్ నంబరు 417 అయింది. ‘12E4’ అనే ఖాతా కోడ్ 120000 అయింది, ఎందుకంటే నడుమ ఉన్న E అక్షరాన్ని పది ఘాతంగా చదివింది. అన్నిటికన్నా ప్రమాదం బ్యాంకు ఖాతా నంబర్లతో. జావాస్క్రిప్ట్ తేడా లేకుండా పట్టుకోగల పూర్ణసంఖ్య 9007199254740991 వరకే. 9007199254740993 పంపితే తెర మీదికి 9007199254740992 వస్తుంది. రైతుకు డబ్బు పంపే ఫైలు ఈ తెర నుంచే తయారవుతుంది గనుక ప్యాచ్ పెట్టిన రోజు నుంచి ఆ బటన్ వాడకం ఆపేసినం. చెల్లింపులన్నీ చేత్తో రాస్తున్నం.

కాబట్టి ఆ గుర్తు తీసేయండి. ఏ కాలమ్ ఏ రకంగా పోవాలో ఒక్కొక్కదానికి పేరు పెట్టి రాయండి. బస్తాలు పూర్ణసంఖ్య. లాట్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్, పిన్ కోడ్ ఎప్పటికీ స్ట్రింగులే, వాటితో ఎవరూ కూడికలు చేయరు. తూకాన్ని గ్రాముల్లో పూర్ణసంఖ్యగా పంపితే (12.450 క్వింటాళ్లు అంటే 1245000) తెర దగ్గర దశాంశాల గొడవే ఉండదు. మొత్తాలు మాత్రం డేటాబేస్‌లోనే వేయండి, డెసిమల్ మీద కూడిక అక్కడ ఖచ్చితంగా వస్తుంది.

తక్‌పట్టీ పేజీలో ఉన్నది ఇంకో రకం తప్పు, ఇది క్వెరీ రాసిన తీరులోనే ఉన్నది. ఒక తక్‌పట్టీ కింద కాంటాలు ఉంటాయి, హమాలీ, దడువాయి (తూకం వేసేవారి కూలి), చాట ఖర్చులు ఉంటాయి. ఈ మూడు టేబుళ్లనూ ఒకే జాయిన్‌లో కట్టారు. కాంటాలు 2, ఖర్చులు 3 ఉంటే డేటాబేస్ 6 వరుసలు ఇస్తుంది, ఎందుకంటే ప్రతి కాంటా ప్రతి ఖర్చుతోనూ జతపడుతుంది. పైన చెప్పిన లాట్‌కే తూకం 62.250 క్వింటాళ్లు వస్తుంది, ప్రతి ఖర్చూ రెండేసిసార్లు పడుతుంది. ఇది చూసి ఎవరో కూడికలో డిస్టింక్ట్ (ఒకే విలువ మళ్లీ వస్తే వదిలేసేది) పెట్టారు. దాంతో వేరే తప్పు దూరింది: ఒకే లాట్‌లో రెండు కాంటాలూ 8.300 చొప్పున పడితే ఒక్కటే లెక్కకు వస్తుంది. జల్లెడ పట్టాల్సింది వరుసలకు, తూకం విలువలకు కాదు.

పేజీకి 50 అని పెట్టిన లిమిట్ కూడా తక్‌పట్టీలకు కాకుండా ఈ ఉబ్బిన వరుసలకు పడుతున్నది. 6 వరుసల చొప్పున 8 తక్‌పట్టీలకే 48 అయిపోతాయి, తొమ్మిదోదానికి 2 వరుసలే మిగులుతాయి. ఆ తొమ్మిదో పట్టీ సగం ఖర్చులతో ప్రింట్ అవుతున్నది.

సరైన దారి ఇది. మొదటి క్వెరీలో తక్‌పట్టీల టేబుల్ నుంచి 50 మాత్రమే తీసుకోండి. వాటి ఐడీలన్నీ ఒకేసారి ఇచ్చి కాంటాలకు ఒక క్వెరీ, ఖర్చులకు ఒక క్వెరీ నడపండి. తర్వాత పీహెచ్‌పీలో ఐడీని బట్టి ఎవరి పిల్లలను (కాంటాలు, ఖర్చుల వరుసలను) వాళ్ల కింద చేర్చండి. మొత్తం 3 క్వెరీలు. ఒక్కో పట్టీకి విడివిడిగా అడిగే పద్ధతి పెట్టకండి, 50 పట్టీలకు 101 క్వెరీలు అవుతాయి, సాయంత్రం పట్టీలు కొట్టే వేళ సర్వర్ కూలబడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లోనే జేసన్ అర్రేఅగ్‌తో కట్టుకోవచ్చు, 5.7.22 నుంచి ఉన్నది, కానీ అది పీహెచ్‌పీకి స్ట్రింగుగా చేరుతుంది. డీకోడ్ చేయకుండా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే వెనక గీతలతో నిండిన మాట ఒకటి వస్తుంది తప్ప జాబితా రాదు. పైగా లోపలి వరస అది కాపాడుతుందన్న హామీ లేదు. మా ఓటు 3 క్వెరీలకే.

ప్రింట్ పేజీలో గ్రూప్ కాన్‌క్యాట్‌తో (వరుసలను ఒకే మాటగా అతికించే ఫంక్షన్) కామాలు, కొటేషన్లు చేత్తో అతికించి జేసన్ తయారు చేశారు, దాన్ని పూర్తిగా తీసేయాలి. మామూలుగా దాని హద్దు 1024 బైట్లు, తెలుగులో 341 గుర్తులు. అది దాటగానే చివరి బ్రాకెట్ లేకుండా తెగిపోతుంది. పెద్ద లాట్లే ప్రింట్ కాకపోవడానికి ఇదే కారణం.

పిల్లలను చేర్చేటప్పుడు ఐడీనే తాళం (కీ) చేసి అర్రే కట్టడం మీ ఇప్పటి కోడ్‌లోనూ ఉన్నది, కానీ ఎన్‌కోడ్‌కు ముందు అర్రే వాల్యూస్ (తాళాలు తీసేసి వరస జాబితాగా మార్చేది) పిలవడం లేదు. దాంతో జాబితా [] కాకుండా {} రూపంలో పోతున్నది. బ్రౌజర్ అంకెల తాళాలను చిన్నది ముందు, పెద్దది వెనక పెట్టుకుంటుంది. క్వెరీలో కొత్త పట్టీ పైన రావాలని ఆర్డర్ పెట్టినా తెర మీద పాతవే పైన ఉండేది అందుకే. పట్టీలు లేని రోజు అదే కోడ్ [] పంపుతుంది, ఉన్న రోజు {} పంపుతుంది, రెండింటికీ ఒకే జావాస్క్రిప్ట్ పనిచేయదు. లెఫ్ట్ జాయిన్‌లో ఖర్చులు లేని పట్టీకి అన్నీ నల్‌గా ఉన్న ఒక ఖర్చు పుడుతున్నది, అక్కడ ఖాళీ జాబితా పోవాలి. మూడు టేబుళ్లలోనూ కాలమ్ పేరు ‘ఐడీ’నే కావడంతో ఫెచ్ ఆసోక్‌లో చివరిదే నిలుస్తున్నది, పట్టీ ఐడీ పోయి ఖర్చు ఐడీ వస్తున్నది. ప్రతిదానికీ వేరే పేరు పెట్టండి.

గేటు ఎంట్రీ సమయం డేటాబేస్‌లో యూటీసీగా (మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక) ఉండి, జేసన్‌లో ఏ గుర్తూ లేకుండా పోతున్నది. తెల్లవారుజామున 4 గంటలకు వచ్చిన బండి ముందు రోజు రాత్రి 10:30కి వచ్చినట్టు పడుతున్నది. సమయాన్ని +05:30 గుర్తుతో పంపండి.

మా కోరికలు ఇవి. ఖాతా నంబర్ల సంగతి 3 రోజుల్లో సరిచేయాలి, అది ఆగేది కాదు. మిగతావి మిర్చి సీజన్ రద్దీ మొదలయ్యేలోపు, ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పూర్తి చేయాలి. వార్షిక మెయింటెనెన్స్ డబ్బు కట్టి ఉన్నం గనుక దీనికి విడిగా బిల్లు వేయకూడదు. కొత్త వెర్షన్ పంపేముందు మేం జతచేసిన పరీక్ష డేటాతో నడిపి, వచ్చిన జేసన్ జవాబులు యథాతథంగా మాకు పంపాలి. అందులో నర్సంపేట, వర్ధన్నపేట, మహబూబాబాద్ ఊళ్ల పేర్లు, ముందు సున్నాలున్న లాట్ నంబర్లు, 16 అంకెల ఖాతా ఒకటి, ఒకే తూకం రెండుసార్లు పడిన లాట్ ఒకటి, ఖర్చులు లేని పట్టీ ఒకటి, తెల్లవారుజామున 4 గంటల గేటు ఎంట్రీ ఒకటి ఉన్నాయి. అన్నీ కల్పిత రైతులవే.

ఈసారి జవాబు ఫోన్‌లో వద్దు. ఏ ఫైలులో ఏ మార్పు చేశారో రాసి పంపండి.

ఇట్లు,
కంప్యూటర్ విభాగం,
మిర్చి అడ్తి దుకాణం,
ఎనుమాముల, వరంగల్

జతచేసినవి: పరీక్ష డేటా ఫైలు, ఖాళీ జవాబు వచ్చిన సర్వర్ లాగ్, తప్పు తూకం పడిన తక్‌పట్టీ నకళ్లు 4.