క్రూయిజ్ షిప్పుల మురుగునీటిపై నౌకాయాన మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఒక పెద్ద క్రూయిజ్ షిప్పులో ప్రయాణికులు, సిబ్బంది కలిపి ఐదారు వేల మంది ఉంటారు. అంటే అది నీళ్ల మీద కదిలే ఊరు. ఊరి డ్రైనేజీకి ఉన్న లెక్కాపత్రం దీనికెందుకు ఉండకూడదు?

ఓడల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు (సుమారు 22 కిలోమీటర్లు) దాటాక, కనీసం 4 నాట్ల (గంటకు సుమారు 7 కిలోమీటర్ల) వేగంతో వెళ్తున్న ఓడ శుద్ధి చేయని మరుగుదొడ్డి నీటిని కూడా కొద్దికొద్దిగా వదలొచ్చు. ఇక స్నానాలు, వంటగది, లాండ్రీ నీళ్లయితే ఆ మురుగు నిబంధనల్లోకి రానే రావు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. వాటిలో నూనె జిడ్డు, సబ్బు, సింథటిక్ బట్టల నుంచి ఊడిన సన్నని ప్లాస్టిక్ పోగులు ఉంటాయి. ఈ మురుగులోని నత్రజని, భాస్వరం వల్ల నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు చేపలకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గిపోతుంది.

చేయలేని పనేం కాదు. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం 2001లోనే ఈ నీళ్లకూ చట్టం తెచ్చింది.

తీరజలాల్లో రెండు రకాల నీళ్లూ వదలకుండా ఆపించండి. రేవుల్లోనే మురుగు దించుకునే ఏర్పాటు చేయించండి. దానికి విడిగా ఫీజు మాత్రం పెట్టొద్దు, ఆ డబ్బు మిగులుతుందని సముద్రంలోనే వదిలేస్తారు. ట్యాంకు వాల్వు ఎప్పుడు, ఎక్కడ తెరిచారో చూపే రికార్డును ముందు చెప్పకుండా తనిఖీ చేయించండి.

ఇట్లు,
సముద్రాన్ని ప్రేమించే ఓ పౌరుడు