వార్షిక కార్యకలాపాల నివేదిక: నోర్డ్‌లింగెన్ అధ్యయన యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం. పండుగల ఖర్చు, జమ వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నందున, ఈ ఏడాది జర్మనీలోని బవేరియా రాష్ట్రపు నోర్డ్‌లింగెన్ పట్టణానికి మనం జరిపిన యాత్ర గురించి మాత్రమే ఇక్కడ విన్నవిస్తున్నాను.

సుమారు 20 వేల జనాభా గల ఈ పట్టణం రీస్ అనే పల్లపు మైదానంలో ఉంది. దాదాపు 24 కిలోమీటర్ల వ్యాసమున్న ఈ మైదానం కోటిన్నర సంవత్సరాల క్రితం గ్రహశకలం పడి ఏర్పడిన బిలం. దీన్ని చాలాకాలం అగ్నిపర్వతపు పనేనని నమ్మారు. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో ఇక్కడి రాతిలో, విపరీతమైన పీడనం వల్ల పుట్టే కోయెసైట్ ఖనిజాన్ని గుర్తించాక ఆ మాట వీగిపోయింది. 1970లో అపోలో 14 వ్యోమగాములు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి వచ్చింది కూడా ఈ ప్రాంతానికే.

సెయింట్ జార్జ్ చర్చికి చెందిన, ఊరివాళ్లు ‘డానియెల్’ అని పిలిచే 90 మీటర్ల గోపురాన్ని ఆ తాకిడికి పుట్టిన సుయెవైట్ రాతితోనే కట్టారు. బూడిదరంగు రాతిలో నల్లని గాజు పెచ్చులు చేతికి తగులుతాయి. చారులో వేసుకునే అట్టు ముక్కల పేరుతో వాటిని ఇక్కడ ‘ఫ్లేడ్లె’ అంటారు. ఈ రాతిలో వజ్రాలున్నాయని వినగానే పిల్లలు గోడలు గీరబోయారు గానీ, అవి కంటికి ఆనని రేణువులు. మెట్లు దాదాపు 350 కావడంతో పెద్దవాళ్లు కిందనే ఆగిపోయారు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం కార్యవర్గం పొరపాటే.

గుండ్రని ప్రాకారం బిలం అంచేనని మనలో పలువురు అనుకున్నారు. అది నిజం కాదు. 1327లో మొదలుపెట్టిన ఈ గోడ చుట్టుకొలత 2.7 కిలోమీటర్లే, అయిదు ద్వారాల మీదుగా, పైకప్పు నీడలోనే, ఊరంతా చుట్టి రావచ్చు. స్వీడన్ సేన ఓడిన 1634 నాటి యుద్ధం తర్వాత ఊరి వర్తకం దెబ్బతిన్నది. పాత కట్టడాలను కూల్చి కొత్తవి లేపే స్తోమత లేకపోవడమే వాటిని కాపాడిందని నా అభిప్రాయం. స్వతంత్ర నగర హోదా పోయి, 19వ శతాబ్ది తొలినాళ్లలో ఊరు బవేరియాలో కలిసింది.

రాత్రి బస చేసినవారు పది గంటలకు గోపురం మీది కావలివాడు ‘సో గ్సెల్ సో’ అని వేసిన కేక విన్నారు. తిరిగి వెళ్లాల్సినవారు డోనావోర్త్‌లో మారవలసిన రైలు కోసం ముందే బయలుదేరడంతో, 1990లో తెరిచిన బిలం మ్యూజియాన్ని సగమే చూడగలిగారు. మిగతా సగానికి వచ్చే వేసవిలో మళ్లీ వెళ్లాలని కార్యవర్గం తీర్మానించింది.

కార్యదర్శి