ట్యూబు మీద రాశారు సరే, దుప్పటి సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

చర్మం పొడిబారకుండా రాసుకునే క్రీములతో అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయని పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు మా పక్కింటావిడ ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న మనవడికి క్రీమ్ రాయడం మానేసిందని తెలిసింది. అదేమిటండీ అంటే, "మండుతుందని పేపర్లోనే వేశారుగా" అంది. పిల్లాడి మోచేతి మడతలు అప్పటికే పగిలి రక్తం కారుతున్నాయి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మీ విలేకరి వదిలేసిన ముక్క ఒకటుంది. క్రీమ్ ట్యూబులో ఉన్నప్పుడు దానంతటది భగ్గుమనదు. రాసుకున్నంత మాత్రాన మనిషి ఒళ్లు అంటుకోదు. ఆ క్రీమ్ రోజూ బట్టకు అంటి, ఇంకి, ఆరిపోయి, దాని మీద మళ్లీ అంటి పొరలుగా పేరుకుంటుంది. అక్కడుంది ప్రమాదం. గిన్నెలో నూనెకి అగ్గిపుల్ల చూపిస్తే తేలిగ్గా అంటుకోదు, అదే నూనెలో నానిన వత్తికి చూపిస్తే ఊరుకుంటుందా? చొక్కా, దిండు గలీబు, దుప్పటి, పుండు మీద కట్టిన గుడ్డ అన్నీ వత్తులైపోతాయి. నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే తొందరగా అంటుకుంటాయి, ఎక్కువ వేడితో మండుతాయి. లేవలేని మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు.

నాకిది చదివితే తెలిసింది కాదు. మా నాన్నకి ఒళ్లంతా పొడిబారి పొలుసులు లేచే జబ్బు. రోజుకి మూడుసార్లు క్రీమ్ పట్టించేదాన్ని. ఆయన చొక్కా చేతులు ఉతికి ఆరేసినా మైనం పూసినట్టు ఉండేవి. గోటితో గీస్తే తెల్లటి చార పడేది. సబ్బు సరిపోవడం లేదేమో అనుకున్నాను తప్ప ఇంకో ఆలోచనే రాలేదు. ఒకరోజు సిగరెట్ ముట్టించుకుంటుంటే అగ్గిపుల్ల మంట కఫ్ దగ్గర తగిలింది. ఇంతకుముందు అలా జరిగినప్పుడు చిన్న చిల్లు పడేదంతే. ఈసారి మంట మోచేతి దాకా పాకింది. నా చేతిలో ఆయన ఒళ్లు తుడిచే తడి తువ్వాలు ఉంది కాబట్టి సరిపోయింది. ఆయన ముంజేయి, నా అరచేయి కాలాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఈయనకి క్రీమ్ ఏమైనా రాస్తున్నారా?" అని. అంటే వాళ్లకి తెలుసన్నమాట! రెండేళ్లుగా ఆ క్రీమ్ రాసిచ్చిన చోట ఒక్కరూ నోరు విప్పలేదే? పైగా ఆయన సిగరెట్ తాగుతారని కేస్ షీట్ మొదటి పేజీలోనే ఉంది.

పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే మైనం, నూనె లాంటి పదార్థం) లేని క్రీములు వాడితే భయం లేదని కూడా మీ వార్తలో ఉంది. దయచేసి సరిదిద్దండి. బ్రిటన్‌లో 2008లో హెచ్చరించినప్పుడు ఎక్కువ పారఫిన్ ఉన్న మందుల గురించే చెప్పారు. 2018 డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ ఆ మాట మార్చింది. పారఫిన్ ఎంత తక్కువున్నా, అసలు లేకపోయినా ప్రమాదాన్ని కొట్టిపారేయలేమంది. అక్కడ ఈ క్రీములతో ముడిపడినవిగా భావిస్తున్న మరణాలే యాభైకి పైగా ఉన్నాయి. బాగా వేడి నీళ్లలో ఉతికితే పేరుకున్న జిడ్డు తగ్గొచ్చు కానీ పూర్తిగా పోదనీ చెప్పింది. ఉతికాం కదా అని సిగరెట్, కొవ్వొత్తి, స్టవ్, హీటర్ దగ్గర అదే చొక్కాతో కూర్చోకూడదన్నమాట.

ఈ సంగతి ఎవరికి చెప్పాలి? ట్యూబు మీద చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే బాధ్యత తీరిపోయిందని కంపెనీల నమ్మకం. అసలు ఆ ట్యూబు రోగి చదవడు, క్రీమ్ రాసే మనిషి చదువుతుంది. బట్టలుతికే మనిషి చేతికైతే ట్యూబే రాదు, దుప్పటే వస్తుంది. పోనీ పోస్టర్ వేశారంటారా? నేను చూసిన ఒకే ఒక్క పోస్టర్ ఔట్‌పేషంట్ గదిలో తలుపు వెనక గోడకి ఉంది. తలుపు మూస్తేనే కనపడుతుంది, ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకప్పుడు మందిచ్చే మనిషి కళ్లలోకి చూసి "ఇది ఇలా వాడండి, ఇలా వాడకండి" అని రెండు మాటలు చెప్పేవాడు. ఇప్పుడు కంప్యూటర్ స్టిక్కర్ అంటిస్తుంది. దాని మీద "వైద్యుని సలహా మేరకు" అని ఉంటుంది. ఆ సలహా ఏమిటో ఎక్కడా ఉండదు. ఎవరినైనా అడగబోతే టోకెన్ నంబర్ పిలిచేస్తారు.

రాసిచ్చేటప్పుడే ఇంట్లో ఎవరు సిగరెట్ తాగుతారు, రోగి తనంతట తాను లేవగలడా, బట్టలు, పక్కబట్టలు ఎన్నాళ్లకోసారి మారుస్తారు అని అడగడానికి ఒక నిమిషం పట్టదు. క్రీమ్ మానొద్దు, నిప్పు దగ్గరికి వెళ్లొద్దు అని ఆ రెండు మాటలూ కలిపి చెప్పాలి. మీరు రెండోది మాత్రమే వేశారు.

పక్కింటావిడకి ఇదంతా విడమరిచి చెప్పాక పిల్లాడికి మళ్లీ రాస్తోంది. మీ పేపర్ చదివి మానేసిన మిగతావాళ్ల ఇళ్లకి నేను వెళ్లలేను. సవరణ వేస్తే మాత్రం మొన్నటి వార్త ఎంత సైజులో వేశారో అంత సైజులో వేయండి, సంతాప ప్రకటనల కింద ఓ మూలన కాదు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు