సమ్సోను జుట్టు తీసింది దెలీలా కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో బైబిల్ వీరుడు సమ్సోను చిత్రాల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. అతని బలమంతా జుట్టులోనే ఉందన్న గుట్టును, అతను ప్రేమించిన దెలీలా శత్రువులకు అమ్మిన కథ అది. అయితే ‘దెలీలా అతని జుట్టు కత్తిరించింది’ అని అందులో రెండుచోట్ల రాశారు. పైగా చిత్రకారుడు రూబెన్స్ గీసిన బొమ్మను అచ్చువేస్తూ మంగలి ఉన్న భాగం తీసేశారు. నేను సెలూన్ నడుపుకునే మనిషిని. ఇది మా పనికి సంబంధించిన సంగతి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం 16వ అధ్యాయం 19వ వచనం చూడండి. దెలీలా అతణ్ణి ఒళ్లో నిద్రపుచ్చి, ఒక మనిషిని పిలిపించి, వాడిచేత ఏడు జడలూ క్షౌరం చేయించింది. సమ్సోను శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు తలా 1,100 వెండి నాణేలు ఇస్తామన్నది ఆమెకు. పని చేసినవాడికి ఏం ముట్టిందో లేదు, పేరు కూడా లేదు.

రూబెన్స్ మాత్రం వాణ్ణి వదిలిపెట్టలేదు. 1609-10 ప్రాంతంలో ఆంట్‌వర్ప్ నగర పెద్ద ఒకాయన ఇంటికోసం వేసిన ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూశాను. ముసలమ్మ కొవ్వొత్తి పట్టుకుంది. మంగలి వంగి, ఒక చేతి మీదుగా ఇంకో చెయ్యి వేసి, జుట్టు పాయ పట్టుకుని కత్తెర ఆడిస్తున్నాడు. మేం మామూలుగా చేతులు అలా పెట్టం. కానీ పడుకున్నవాడికి మెలకువ రాకూడదు, తల కదపకూడదు, పక్కకు తిప్పుకోమని చెప్పడానికీ లేదు. సైనికులేమో తలుపు దగ్గరే ఆగిపోయారు. సమ్సోను కళ్లు తెరిస్తే ముందు పోయేది వీడి ప్రాణమే. ఆ టెన్షన్ అంతా ఆ వేళ్లలో ఉంది. దెలీలా ముఖం ఎంత అందంగా వేసినా నా చూపు అక్కడే ఆగింది.

మిగతా వాళ్లలో కొందరికి ఈ మూడో మనిషి అక్కర్లేకపోయాడు. 1500 ప్రాంతంలో చిత్రకారుడు మాంటెన్యా దెలీలాతోనే కత్తిరింపించాడు. 1636లో రెంబ్రాంట్ వేసిన బొమ్మలో ఆమె ఒక చేత కత్తెర, ఇంకో చేత జుట్టు పట్టుకుని పరుగెత్తుతుంది. అది గొప్ప బొమ్మ, కాదనను. సమ్సోను కంట్లో ఆయుధం దించే చోట చూపు నిలపలేకపోయాను. సంగీతకారుడు సాన్‌సాన్స్ ఇదే కథతో చేసిన ఒపెరాలో (పాటలతో నడిచే నాటకం), 1877లో జర్మనీలోని వైమార్‌లో మొదట ఆడింది, క్షౌరం ప్రేక్షకుల కంటపడదు. ప్రేమ, ద్రోహం అని ఇద్దరి మధ్యే నడిపితే పాటలకి వీలు మరి.

ఇంకొకటి. పుట్టకముందే దేవదూత తల్లికి చెప్పింది, అతని తలమీద మంగలకత్తి వేయకూడదని. చిత్రకారులేమో ఎక్కువగా కత్తెరే పెట్టారు. దూరం నుంచి చూసేవాడికి కత్తెరైతే చటుక్కున తెలుస్తుందని కాబోలు.

ఆ తరవాత వచ్చే 22వ వచనాన్ని మాత్రం బొమ్మల్లో పెద్దగా పట్టించుకోరు. గాజా చెరసాలలో తిరగలి విసురుతుంటే అతని తల వెంట్రుకలు మళ్లీ మొలిచాయట. బలం జుట్టులో ఉందని అంత వెండి పోసి తెలుసుకున్నవాళ్లు, వారానికోసారి గుండు చేయించాలని ఒక్కడూ అనుకోలేదు! చివరికి అతను కూల్చేసిన, వాళ్ల దేవుడు దాగోను గుడి స్తంభాల దాకా అతణ్ణి నడిపించుకొచ్చినప్పుడైనా తల వైపు చూడొద్దూ?

ఇట్లు,
సెలూన్ నడిపే మీ పాఠకుడు