జ్వరమున్న బిడ్డను బడికి పంపకండి, హాజరు గురించి భయపడకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) తేదీలు, ఆటల పోటీల వివరాలు ఈసారి వెనక పేజీలో వేశాం. ముందు పేజీ మొత్తం జ్వరాల గురించే. ఇప్పుడు ఏ క్లాసులోకి వెళ్లినా దగ్గే వినిపిస్తోంది, ఒకే బెంచీలో కూర్చునే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచం పడుతున్నారు. వానాకాలంలో ఒకసారి, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి మన దేశంలో ఫ్లూ పెరగడం ఏటా ఉండేదే. ఏటా ఉండేదే కదా అని వదిలేస్తేనే ఒక బిడ్డ జ్వరం క్లాసంతా తిరిగి, సాయంత్రానికి మీ ఇళ్లలో ఉన్న అవ్వ, జేజినాయనల దాకా చేరుతోంది.

సూటిగా చెప్తా. పొద్దున ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేసి బడికి పంపొద్దు. ఆ గోలీ వేడిని దించుతుంది గానీ వైరస్‌ను ఏమీ చేయదు. మూడో పీరియడ్‌కి మందు ప్రభావం తగ్గి ఒళ్లు కాలిపోతుంటే టీచర్ మీకు ఫోన్ చేస్తారు, మీరేమో పనిలో ఉంటారు. అప్పటికే ఆ బిడ్డ ఆటోలో అందరితో ఇరుక్కుని వచ్చి, ప్రార్థనలో నిలబడి, పక్కపిల్లతో నీళ్ల బాటిల్ పంచుకుని ఉంటుంది. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక 1 నుంచి 4 రోజుల్లో జ్వరం బయటపడుతుంది, బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుంది, ఆ తర్వాత కూడా 5 నుంచి 7 రోజులు అంటుకుంటూనే ఉంటుంది, చిన్నపిల్లల్లో ఇంకొంచెం ఎక్కువే. అందుకే మా బడిలో ఇకనుంచి ఇదే పద్ధతి: జ్వరం గోలీ ఏదీ వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బిడ్డను పంపండి. దగ్గు కాస్త మిగిలి ఉన్నా పర్వాలేదు, మాస్క్ పెట్టి పంపండి.

మీరు ఎందుకు పంపుతున్నారో నాకు తెలుసు. 75 శాతం హాజరు లేకపోతే బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడవని చాలామంది తల్లుల భయం. లెక్క వేసి చూడండి. ఏడాదికి సుమారు 220 పనిదినాలు అనుకుంటే 75 శాతం అంటే 165. అంటే 55 రోజుల దాకా వెసులుబాటు ఉంది, ఒక ఫ్లూ జ్వరానికి వారం పోయినా ఆ గీత దగ్గరికి కూడా రాదు. ఇంకా అనుమానం ఉంటే ఆఫీసుకు వచ్చి మీ బిడ్డ హాజరు ఎంతుందో అడగండి, రిజిస్టర్ తీసి చూపిస్తాం. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానని వాళ్లకు ఇచ్చే బహుమతిని ఈ ఏడాది నుంచి తీసేశాం, జ్వరంతో వణుకుతూ బడికి రావడం మెచ్చుకోవాల్సిన పని కాదు. జ్వరం వల్ల ఎఫ్‌ఏ రాయలేకపోయిన పిల్లలకు తర్వాత విడిగా పెడతాం. నోట్స్ ఫోటోలు క్లాస్ వాట్సాప్ గ్రూపులో వస్తాయి. ఒక్క విన్నపం, ఫలానా బిడ్డ వల్లే మా వాడికి వచ్చిందని ఆ గ్రూపులో పేర్లు రాయకండి, ఆ పిల్లలు రేపు అదే క్లాసులో కూర్చోవాలి.

ఇక కష్టమైన విషయం. పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది, కాబట్టి బిడ్డను అవ్వ దగ్గర వదిలేస్తారు. వేరే దారి లేని ఇళ్లు చాలా ఉన్నాయని తెలిసే రాస్తున్నా. కానీ ఫ్లూ ముదిరితే ఎక్కువ ప్రమాదం 65 దాటినవాళ్లకు, షుగర్, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, ఐదేళ్లలోపు పసివాళ్లకు. అంటే సరిగ్గా మనం బిడ్డను చూసుకోమని చెప్పే మనిషికే. పిన్నో, మేనత్తో, పక్కింటివాళ్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఒకటి రెండు రోజులు చూస్తారేమో ముందు అడగండి. అవ్వే చూడాల్సి వస్తే పడక వేరుగా వేయండి, కిటికీ తెరిచి పెట్టండి, ఇద్దరికీ మాస్క్ పెట్టండి, ఒకే గ్లాసు, ఒకే తువ్వాలు వాడనివ్వకండి. చలిగాలి తగులుతుందని తలుపులన్నీ మూసి ఆ గదిలోనే అందరూ పడుకోవడం మాత్రం వద్దు, మూసిన గదిలో దగ్గు తుంపర్లు బయటికి పోవు. దోమల భయం ఉంటే దోమతెర కట్టండి.

బడిలో మా వంతు పని మొదలుపెట్టాం. వాన పడుతున్నా ప్రతి క్లాసులో ఎదురెదురుగా ఉండే కిటికీలు తెరిచే ఉంచుతున్నాం. మధ్యాహ్న భోజనానికి ముందు కుళాయిల దగ్గర సబ్బు పెట్టి, టీచర్ నిలబడి 20 సెకన్లు చేతులు రుద్దిస్తున్నారు. ఫ్లూ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, గిన్నెకు పట్టిన నూనె జిడ్డును సబ్బు విడగొట్టినట్టే ఆ పొరనూ విడగొడుతుంది, వట్టి నీళ్లతో కడిగితే ఆ పని జరగదు. ఇంట్లో కూడా అన్నానికి ముందు ఇదే అలవాటు చేయించండి. దగ్గినప్పుడు చెయ్యి కాదు, మోచేతి మడత అడ్డం పెట్టుకోమని నేర్పుతున్నాం. రోజూ ఉతికిన చేతిరుమాలు ఒకటి, నీళ్ల బాటిల్ ఒకటి విడిగా ఇచ్చి పంపండి. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ బ్యాగులో ఉండాలి, క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి. ఆటో డ్రైవర్లతో కూడా మాట్లాడాం, వాన లేనప్పుడు పక్క పరదాలు ఎత్తి నడపమన్నాం. పిల్లలను కుక్కి ఎక్కించుకుంటుంటే అడగాల్సింది మాత్రం డబ్బులిచ్చే మీరే.

మందుల మాటకొస్తే, ఫ్లూ వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. మెడికల్ షాపులో రంగురంగుల గోలీలు కలిపి ఇస్తే వేయకండి, వెంటనే తగ్గాలి సూది వేయండని పట్టుబట్టకండి. మన దగ్గర ఇదే కాలంలో డెంగీ కూడా ఉంటుంది, మొదట్లో రెండు జ్వరాలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే డాక్టర్ చూసేదాకా బిడ్డ బరువుకు తగిన పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి గోలీ వేయొద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు వాడకూడదని, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే చెప్పింది. మిరియాల చారు, గంజి, గోరువెచ్చని నీళ్లు ఎంతైనా ఇవ్వండి, గొంతుకు హాయిగా ఉంటుంది. మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టించడం మాత్రం పిల్లలకు వద్దు, ఒలికితే ఒళ్లు కాలుతుంది.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు తాగకుండా, ఒంటేలుకు పోకుండా మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా కర్నూలు సర్వజన వైద్యశాలకు తీసుకెళ్లండి. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఫ్లూ టీకా గురించి కొందరు అడిగారు. ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా వేయించుకోవచ్చు, వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు, డబ్బు పెట్టాలి. ఇంట్లో అందరికీ వేయించలేకపోతే షుగర్, ఆయాసం ఉన్న పెద్దవాళ్ల గురించి, పసివాళ్ల గురించి ముందుగా మీ డాక్టర్‌ను అడగండి.

2020 ఏప్రిల్‌లో కరోనా కేసులు రాష్ట్రంలో మన కర్నూలు జిల్లాలోనే ఎక్కువగా ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడున్నది ఆ జబ్బు కాదు, బడి మూసే పరిస్థితీ లేదు, టెన్షన్ పడాల్సిన పని లేదు. అప్పుడు నేర్చుకున్న మాస్క్, చేతులు కడగడం, జ్వరం వస్తే ఇంట్లో ఉండటం ఇప్పుడూ పనికొస్తాయి, అంతే. వినాయక చవితి పందిళ్లకు, నిమజ్జనానికి పోవద్దని నేను అనను, పిల్లలకు అది ఎంత సంబరమో నాకు తెలుసు. దగ్గుతున్న బిడ్డను మాత్రం ఆ గుంపులోకి తీసుకెళ్లకండి.

చివరిగా ఒక పని. మా రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబర్లలో చాలావాటికి కాల్ కలవడం లేదు. మీ ఇప్పటి నంబరు, మీరు పనిలో ఉంటే బిడ్డను తీసుకెళ్లడానికి రాగల ఇంకొకరి నంబరు, రెండూ డైరీ మొదటి పేజీలో రాసి ఈ సోమవారం లోపు పంపండి. ఒంట్లో బాగాలేని బిడ్డను స్టాఫ్ రూమ్ పక్క గదిలో పడుకోబెట్టి, ఒక టీచర్‌ను తోడు ఉంచి, మొదట ఆ నంబర్లకే ఫోన్ చేస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు